పసుపు బరువు

మా మనవరాలు మౌనిక రాసుకొచ్చిన కాగితాన్ని నేను నాలుగు ముక్కలుగా చింపిన మాట నిజమే. దాచుకోవలసిన పని నాకు లేదు. ఆ పిల్ల రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. దాని తల్లి, అంటే మా కోడలు వరలక్ష్మి, అన్నం కంచం నా ముందు కొంచెం గట్టిగా పెడుతోంది. పెట్టనీ. స్టీలు కంచం, పగలదు. ఎందుకు చింపావని నన్ను కూర్చోబెట్టి అడిగే ఓపిక ఈ ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి, మౌనిక ఇంటర్మీడియట్‌లో సగం రాసి వదిలేసిన నోటుపుస్తకం ఒకటి అటక మీంచి తీయించి, మిగిలిన తెల్ల పేజీల్లో ఇది రాస్తున్నాను. ఇలాంటి సగం పుస్తకాలు అటక మీద పద్నాలుగు ఉన్నాయి. ఈ కాలం పిల్లలకు ప్రతి జూన్ నెలకూ కొత్త పుస్తకం కావాలి.

మౌనిక డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో తొమ్మిది నెలల కోర్సులో చేరింది. నగలకు బీమా చేయించుకునే వాళ్ళకు ఆ నగల విలువ కట్టి కాగితం రాసివ్వడం నేర్పుతారట అక్కడ. దొంగలు ఎత్తుకుపోయినా, ఇల్లు కాలినా, ఆ కాగితం చూసి కంపెనీ వాళ్ళు డబ్బిస్తారు. అందుకని నగ ఎలా ఉందో, ఎంత బరువో, ఎంత వన్నె బంగారమో, రాయి అసలుదో గాజుదో, కొక్కెం అరిగిందో లేదో, ఆ నగను ఎప్పుడూ చూడని మనిషికి కూడా తెలిసేటట్టు రాయాలి. ఇదంతా నేర్పడానికి చల్లటి గదులు, కంటికి ఆనించుకునే భూతద్దాలు, నగను లోపల పెడితే బంగారం ఎంతో అంకెల్లో చూపించే యంత్రం. ఫీజు ఎంతో మా అబ్బాయి నాకు చెప్పలేదు. చెప్పలేదంటేనే ఎంత ఉంటుందో తెలిసింది. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు, "మామ్మా, గీటురాయి అంటే ఏంటో తెలుసా నీకు?" అని అడిగింది నన్ను. దాని నూనె వాసన పీల్చి పెరిగిన దాన్ని నేను. "తెలీదు, సెప్పు" అన్నాను. చెప్పింది. నాలుగు తప్పులు చెప్పింది. నేను దిద్దలేదు. ఫీజు కట్టించుకున్న వాళ్ళు దిద్దుకోవాలి.

కోర్సు చివర ఒక ఇంటి నగలన్నీ పరీక్షించి పత్రం రాసి తీసుకెళ్ళాలి. అది చూసే పాసో ఫెయిలో చెప్తారు. బొబ్బిలిలో సొంత ఇల్లుండగా పరాయి ఇల్లు ఎందుకని ఇక్కడికే వచ్చింది. మొత్తం పదకొండు వస్తువులు. పదో వస్తువు వరకు నేను వంక పెట్టలేదు. పెడదామనే చూశాను గానీ దొరకలేదు. పదకొండోది వాళ్ళమ్మ పుస్తెల తాడు. దాని ఎదురుగా గ్రాముల్లో, చుక్క తర్వాత మూడంకెలతో సహా బరువు వేసి ఉంది. పొద్దుటి నుంచి నేను వంటింట్లోనే ఉన్నాను. ఆ తాడు కోడలి మెళ్ళోంచి కదలలేదు.

"దీన్నెప్పుడు తూసావే?" అన్నాను.

"అమ్మ తియ్యనంది మామ్మా. పెళ్ళప్పటి షాపు బిల్లుంది కదా, అందులోది వేశాను."

"కింద ఏటి రాసున్నాది? సదువు."

"పై వస్తువులన్నీ నేను స్వయంగా పరీక్షించి, తూచి..."

"స్వయంగా?"

"అబ్బా, అది ఫార్మాట్ మామ్మా. అందరూ అలాగే రాస్తారు."

ఆ మాట దగ్గర చింపాను. ఎందుకంటే ఆ అందరిలో ఒకణ్ణి నేను నాలుగేళ్ళు దగ్గరగా చూశాను. మా మేనమామ.

మా నాన్న కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లెలో కంసాలి. ఆరుగురం ఆడపిల్లలం. నేను నాలుగో తరగతి పూర్తిచెయ్యగానే నన్ను శృంగవరపుకోటలో ఉండే మా మావ సన్యాసాచారి ఇంటికి పంపించారు. మావకు పిల్లలు లేరు, అత్తకు చేతిసాయం కావాలి. అందరూ దాన్ని పంపించడం అంటారు. మా ఇంట్లో ఒక కంచం తగ్గించుకున్నారని నేనంటాను. నా బడి అక్కడితో సరి. ఆ తర్వాత చదివిందంతా పప్పులూ చింతపండూ కట్టి తెచ్చిన పొట్లాల కాగితాలే. విప్పి, మడతలు సాపు చేసి, ముందువెనకా చదివి, పొయ్యి ముట్టించడానికి దాచేదాన్ని.

మావ నగలు చెయ్యడం మానేసి విలువ కట్టడమే పనిగా పెట్టుకున్నాడు. తాకట్టు పెట్టేవాళ్ళు, పంచుకునే అన్నదమ్ములు, పెళ్ళిలో పెట్టిన బంగారం మీద అనుమానం వచ్చిన వియ్యంకులు, అందరూ ఆ అరుగు మీదికే వచ్చేవారు. ఆయన అంకె వేసి కింద సంతకం పెడితే ఆ ఊళ్ళో మారుమాట లేదు. వీధిలో ఆయనకు అంత గౌరవం. ఇంట్లో మీగడ పెరుగు ఆయనకు, దాని కింది మజ్జిగ అత్తకూ నాకూ. పొద్దున్న కాఫీ తాగే వరకు ఎవరి మొహమూ చూసేవాడు కాదు. తాగాక చూసినా ఎవరికీ ఒరిగేది ఏమీ లేదు. అత్త ఆయన ఎదుట కూర్చోగా నేను చూడలేదు. గుమ్మం పక్క గోడకు ఆనుకుని నిలబడి, ఆయన చెయ్యి కడుక్కున్నాక తను తినేది. ఆ గోడ మీద ఆవిడ భుజం ఎత్తున సున్నం అరిగిపోయి మట్టి కనిపించేది.

ఆ ఇంట్లో దేన్నీ పారెయ్యకూడదు. ఆ ఒక్క పద్ధతీ నాకు నచ్చింది, ఇప్పటికీ పాటిస్తాను. మావ కూర్చునే చోట ఊడ్చిన తుక్కు ఒక కుండలో పొయ్యాలి. నగ కడిగిన నీళ్ళు, ఆయన చేతులు కడుక్కున్న నీళ్ళు కూడా వాకిట్లో పారబొయ్యకుండా తేరనిచ్చి, అడుగున దిగిన మట్టిని ఇంకో కుండలో చెయ్యాలి. ఏడాదికోసారి మట్టి కడిగేవాళ్ళు వచ్చి అందులోంచి బంగారం రజను తీసేవారు. పొద్దున్న లేచి నేను చేసే మొదటి పని ఆ నీళ్ళ సంగతి చూడటం, రెండోది కుంకుడుకాయలు కొట్టడం, మూడోది గీటురాయికి నూనె రాసి తుడవడం. ఇల్లంతా కుంకుడు రసం, కరిగిన లక్క, బొగ్గు వాసన. ఆ మూడింటి మీదా ఆసిడ్ వాసన. దానికి అత్తకు రోజంతా దగ్గు. ఆ దగ్గు వినిపిస్తే మావ విసుక్కునేవాడు.

రాయి పక్కనే ఆయనకు ఒక మైనం ముద్ద ఉండేది, నల్లగా, నిమ్మకాయంత. నగను రాయి మీద గీస్తే సన్నటి బంగారు గీత పడుతుంది. దాని రంగు చూసి, ఆసిడ్ చుక్క వేసి, ఎంత వన్నెదో చెప్పేవాడు. చెప్పడం అయ్యాక ఆ మైనాన్ని గీత మీద అద్దేవాడు. గీత మైనానికి అంటుకుని రాయి శుభ్రమయ్యేది. వచ్చినవాళ్ళు అది రాయిని తుడవడం అనుకునేవారు. ఎన్నో ఇళ్ళ ఆడవాళ్ళ బంగారం, వెంట్రుకంత వెంట్రుకంత, ఆ ముద్దలో చేరింది. కొన్నాళ్ళకు దాన్ని కాల్చి, మిగిలింది తన పెట్టెలో వేసుకునేవాడు. అత్త మెళ్ళో మాత్రం నల్లపూసలు తప్ప ఏమీ ఉండేవి కాదు.

ఆడవాళ్ళు అరుగు మీదికి వచ్చేవారు కాదు. లోపలి గదిలో చాప మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసిస్తే, ఇత్తడి పళ్ళెంలో పెట్టుకుని మావ దగ్గరికి మొయ్యడం నా పని. పుస్తెల తాడు తియ్యాల్సి వస్తే దానికో పద్ధతి ఉంది. పసుపు రాసిన దారానికి పసుపుకొమ్ము కట్టి ముందు అది మెళ్ళో వెయ్యాలి, తర్వాత తాడు తియ్యాలి. మగడున్న మనిషి మెడ ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదు. ఆ దారమూ కొమ్ములూ ఒక మూటలో కట్టి ఎప్పుడూ నా దగ్గరే ఉంచుకునేదాన్ని. చాప నుంచి అరుగు దాకా పన్నెండు అడుగులు. నా చదువంతా ఆ పన్నెండు అడుగుల్లోనే జరిగింది. పళ్ళెం ఎత్తగానే ఇది ఎంత తూగుతుందో మనసులో ఒక మాట అనుకునేదాన్ని. మావ త్రాసులో పెట్టి పైకి చెప్పే అంకె వినేదాన్ని. మొదట్లో తులాల లెక్కన తప్పేదాన్ని. రెండేళ్ళకు ఆ తేడా రెండు మూడు గురివింద గింజలకు వచ్చింది. ఆయన చిన్న తూకాలన్నీ గురివింద గింజలతోనే తూచేవాడు. గాజు లోపల లక్క నింపారో, ఒట్టి బంగారమో కూడా పళ్ళెం మీద అది చేసే చప్పుడును బట్టి చెప్పగలిగేదాన్ని. ఎవరికి చెప్తాను? ఒకసారి ధైర్యం చేసి, రాయి మీద నేనూ గీస్తానని అడిగాను.

"ఆడగుంట సెయ్యి పడితే రాయి మొద్దుబారిపోతాది" అన్నాడు మావ.

"మరి రోజూ దాన్ని నూనె రాసి తుడుస్తన్నది నానే గదా మావా?"

"తుడు. గియ్యకు."

అప్పటికి నాకు పదమూడో పద్నాలుగో. శృంగవరపుకోటలో ఒక రైసుమిల్లు ఉండేది. ఆ మిల్లాయన మిల్లుకు అగ్ని బీమా ఎప్పుడో చేయించాడు. ఊళ్ళో రెండు ఇళ్ళలో దొంగలు పడ్డాక, బీమా ఏజెంటు వచ్చి ఇంట్లో నగలకు కూడా చేయించుకోమన్నాడు. దానికి విలువ కట్టిన కాగితం కావాలన్నాడు. మావకు కబురొచ్చింది. పళ్ళెం మొయ్యడానికి నేనూ వెళ్ళాను. అంతకు రెండేళ్ళ ముందు మిల్లాయనా అన్నదమ్ములూ వేరుపడినప్పుడు, ఆ ఇంటి బంగారమంతా తూచి జాబితా రాసింది మావే. ఆ రోజు నేను జ్వరంతో పడుకున్నాను, వెళ్ళలేదు. ఆ జాబితా కూడా చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

వీధి గదిలో మిల్లాయన, ఏజెంటు, మావ. లోపల మిల్లాయన తల్లి, ఆయన భార్య సరోజిని. తల్లిగారి నగలు సాఫీగా అయిపోయాయి. ఆవిడ పూజ గదిలోకి వెళ్ళింది. సరోజినమ్మ పెరటి వైపు గదిలో కూర్చుని పసుపుకొమ్ము కట్టించుకుని పుస్తెల తాడు తీసి నా చేతిలో పెట్టింది. లావుపాటి అల్లిక తాడు. పదేళ్ళ పసుపు, నూనె, చెమట ఆ అల్లికలో పేరుకుని బంకమట్టిలా గట్టిపడి ఉన్నాయి. పుస్తెల వెనక గుంటల్లో కూడా అదే. పట్టుకోగానే నాకు తెలిసింది, ఇందులో బంగారం కానిది చాలా ఉందని. బంగారానికి విలువ కట్టడానికి వచ్చినప్పుడు బంగారాన్నే తూచాలి కదా అనుకున్నాను. అంతకుమించి బుద్ధి లేకపోయింది.

"అమ్మగోరూ, దీన్ని కడిగి తూయించాల" అన్నాను.

"ఓలమ్మో! అత్త సూసిందంటే సంపేస్తాది."

"మేం కంసాలోలం. మేం కడిగితే దోసం నేదు."

ఆ శాస్త్రం నేనే కల్పించాను. ఆవిడ నమ్మింది. గోలెం పక్కన తలంటుకు తీసిన కుంకుడు రసం ఉంది. ఇత్తడి బేసిన్‌లో పోసి, కొబ్బరి పీచుతో తాడు అల్లిక అల్లికా రుద్దాను. పచ్చటి మురికి నీళ్ళ అడుక్కి దిగింది. తాడు కొత్త పెళ్ళికూతురు తాడులా మెరిసింది. సరోజినమ్మ దాన్ని చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. పళ్ళెంలో పెట్టుకుని వీధి గదిలోకి పట్టుకెళ్ళాను.

మావ తూచాడు. జాబితా విప్పి చూశాడు. మళ్ళీ తూచాడు. పావు తులానికి రెండు గింజలు తక్కువ, అంత తగ్గింది.

"ఏటి ఆచారీ, తగ్గిందేటి?" అన్నాడు మిల్లాయన.

మావ చేతిలో తాడు తడిగా ఉంది. కుంకుడు వాసన గుమ్మం దగ్గరున్న నాకే వస్తోంది, దాన్ని పట్టుకున్న మనిషికి రాదా? ఆయనకు అన్నీ అర్థమయ్యాయి. రెండేళ్ళ కిందట పసుపుతో సహా తూచి అంతా బంగారమేనని రాశాడు. ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంటే, అన్నదమ్ముల పంపకంలో తను రాసిన జాబితా తప్పని ఒప్పుకోవాలి. నా వంక చూశాడు. నా మీద కోపం లేదు ఆ చూపులో. ఒక నగను చూసినట్టు చూశాడు, ఎంతకు పోతుందో అన్నట్టు.

"గుంట మోసింది బాబూ" అన్నాడు. అంతే అన్నాడు.

నేను గట్టిగా చెప్పాను, కడిగానని, పసుపు పోయిందని. ఆ కేకకు పూజ గదిలోంచి మిల్లాయన తల్లి వచ్చింది. దొంగతనం ఒకటి, అంతకంటే పెద్ద నేరం ఇంకొకటి ఇప్పుడు నా నెత్తి మీద.

"మొగుడు రాయిలా తిరుగుతంటే పుస్తెల పసుపు కడిగేస్తావేటే, ముదనష్టపు గుంటా! ఎవులు సెప్పారే కడగమని?" అంటూ నా జడ పట్టుకుంది. సరోజినమ్మ తలుపు చాటున నిలబడి మెళ్ళో పసుపుకొమ్మును గుప్పెట్లో పట్టుకుంది. ఆవిడ కడగమనలేదు నిజమే, కానీ వద్దని కూడా అనలేదు. నేను ఆవిడ పేరు చెప్పలేదు.

"పసుపు పావు తులం తూగుతాదేటి ఆచారీ?" అని తల్లిగారు అడిగింది.

మావ త్రాసు దారం సరిచేసుకుంటూ, తల ఎత్తకుండా, "తూగదమ్మా" అన్నాడు.

ఆ ఒక్క మాటకు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి వెతికారు. ఇద్దరు పనివాళ్ళు, తల్లిగారు. జడ విప్పి దులిపారు. పరికిణీ అంచు కుట్లు ఊడదీశారు. నోరు తెరిపించి నాలుక కింద వేలు పెట్టి చూశారు. నా పసుపుకొమ్ముల మూట విప్పి నేల మీద పోశారు. ఎండలో రాళ్ళ మీద నిలబడ్డాను. ఏడవలేదు. ఏడిస్తే దొంగ ఏడుస్తోందని అంటారని అప్పటికే తెలుసు నాకు. గోలెం వెనక ఇత్తడి బేసిన్ కనిపించింది. మావ ఇంటి అలవాటు కొద్దీ ఆ నీళ్ళు నేను పారబొయ్యలేదు. పక్కకు జరిపి పెట్టాను.

"ఆ నీల్లు సూడండి" అన్నాను. "అందులో ఉన్నాది మీ పావు తులం."

ఒక పనామె, ఇంకా ఈ మైల నీళ్ళు ఎందుకని బేసిన్ ఎత్తింది. అప్పుడు సరోజినమ్మ తలుపు చాటు నుంచి వచ్చి బేసిన్ అంచు పట్టుకుంది. "పారబొయ్యకు" అంది. ఆ రోజు అందరి ఎదుట ఆవిడ మాట్లాడిన మాట అదొక్కటే. అత్తగారి మొహం చూడకుండా అంది.

ఒకే గుడ్డలోంచి ఒకే కొలతవి రెండు ముక్కలు చింపించాను. ఒక దాంట్లో నీళ్ళు వడగట్టాను. కుంకుడు నురగ పోయేదాకా మంచినీళ్ళు మెల్లగా పోశాను. మిగిలిన ముద్దను గుడ్డతో సహా పెనం మీద సన్న సెగన ఆరబెట్టాను. గంట పట్టింది. ఆ గంటలో ఏజెంటు రెండుసార్లు కాఫీ తాగాడు. ఆరాక వీధి గదిలోకి పట్టుకెళ్ళి మావ ముందు పెట్టాను. ఆయన చెయ్యి చాచలేదు. "పుస్తెలు కడిగిన మురికి నాను ముట్టను" అన్నాడు.

"అయితే నువ్వే తూయ్ గుంటా" అన్నాడు మిల్లాయన.

జీవితంలో మొదటిసారి త్రాసు దారం నా వేళ్ళ మధ్యకు వచ్చింది. ముద్ద ఉన్న గుడ్డ ఒక తట్టలో, ఉత్త గుడ్డ రెండో తట్టలో వేసి, ఉత్త గుడ్డ వైపు గురివింద గింజలు ఒక్కొక్కటీ వేస్తూ పోయాను. ఊపిరి బిగబట్టాను, తట్ట కదులుతుందని. ముల్లు నిలబడింది. పావు తులానికి మూడు గింజలు తక్కువ. పోయిన బరువుకూ దీనికీ ఒక్క గింజ తేడా.

అందరికంటే ముందు అర్థమైంది తల్లిగారికే. "ఓలప్పా! అయితే ఆయేడు ఈడు పసుపుని బంగారం కింద రాసేసినాడేటి?" అంది.

ఏజెంటు కప్పు కింద పెట్టి, "ఇవన్నీ నాకొద్దండీ. పాత జాబితా, కొత్త కాగితం ఒక్కలా ఉంటే పైవాళ్ళు ఏమీ అడగరు" అన్నాడు. మిల్లాయనకు కూడా అదే బాగుంది. అన్నదమ్ములతో సర్దుకుపోయిన గొడవ మళ్ళీ లేపుకోవడం ఎవరికి కావాలి? తల ఊపాడు. మావ కలం తీసి, పైన పేరు రాసి, పుస్తెల తాడు అని రాసి, దాని ఎదురుగా పాత అంకె వేశాడు. కింద, నా ఎదుట తూచి నిర్ణయించినది అని రాశాడు. నేను ఆయన భుజం వెనకే నిలబడి చదువుతున్నాను. నా జడ ఇంకా విప్పే ఉంది.

"మావా, అంకె తప్పేసినావు" అన్నాను.

ఆయన ఏజెంటు వైపు తిరిగి నవ్వాడు. "దీనికి సదువు రాదు బాబూ" అన్నాడు. ఏజెంటు నవ్వాడు, మిల్లాయన నవ్వాడు. మావ సంతకం పెట్టాడు.

జడ పట్టుకుని లాగిన ఆ ముసలావిడను నేను ఎప్పుడో మర్చిపోయాను. ఆవిడ కనీసం తప్పు ఎక్కడుందో కనిపెట్టింది, పైకి అంది. మావ అన్న ఆ నాలుగు మాటలు నేను మర్చిపోలేదు, మర్చిపోవాలని అనుకోలేదు కూడా. మర్నాడు పొద్దున్నే విజయనగరం దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. మావ నన్ను కోటబొమ్మాళి స్టేషన్లో దించి, మా నాన్నతో నాలుగు ముక్కలు మాట్లాడి, అదే రోజు తిరిగి వెళ్ళిపోయాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను చేతివాటం మనిషినని మా ఊళ్ళో నాకంటే ముందే దిగిపోయింది. రెండు సంబంధాలు ఆ మాట మీద వెనక్కిపోయాయి. మూడోది, బొబ్బిలిలో తాళాలు బాగుచేసే ఆయనది, కుదిరింది. ఆయనకు ఎవరి మాటా పట్టించుకునే అలవాటు లేకపోవడం నా అదృష్టం. మా అబ్బాయి బారసాలకు మావ వచ్చి పిల్లాడి వేలికి ఉంగరం పెట్టాడు. అందరి ముందూ తీసి ఆయన చేతిలో పెట్టేశాను. అత్త కోసం మాత్రం చీర కొన్నాను. ఆయన పోయినప్పుడు వెళ్ళలేదు. అందరూ నన్ను రాతి మనిషి అన్నారు. అననీ.

ఈ కాలం యంత్రం మావ కంటే నయమని ఒప్పుకుంటాను. దానికి మీగడ అక్కర్లేదు, మైనం ముద్ద అక్కర్లేదు, పిల్ల మీద నేరం తొయ్యదు. ఆడపిల్ల చెయ్యి పడితే మొద్దుబారదు. ఆ చల్లటి గదుల్లో సగం మంది ఆడపిల్లలేనని మౌనిక చెప్పింది, అది కూడా నాకు ఇష్టమే. కానీ నగను తన లోపల పెట్టారో లేదో ఆ యంత్రం చెప్పలేదు. అది రాసే మనిషే చెప్పాలి. అంత ఫీజు తీసుకుని ఆ ముక్క నేర్పకపోతే దేనికి? బరువు తెలియకపోతే తెలియదని రాయడానికి కూడా ఫార్మాట్ ఉండాలా?

ఇక్కడి దాకా రాసి పుస్తకం గూట్లో పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే పుస్తకం పెట్టిన వైపు కాకుండా ఇంకో వైపు తిరిగి ఉంది. ఆదివారం పదిగంటల వేళ తల్లీకూతుళ్ళు గదిలో తలుపేసుకుని చాలాసేపు గుసగుసలాడారు. తర్వాత మౌనిక కొత్త కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పదకొండో వస్తువు ఎదురుగా అంకె మారింది. దాని పక్కన ఒక వరుస కొత్తగా ఉంది: శుభ్రం చేయకుండా తూచినది, అల్లికలో పసుపు, నూనె పేరుకుని ఉన్నాయి, నికర బంగారం ఇంతకంటే తక్కువ. కడగడానికి కోడలు ఒప్పుకోలేదట. ఒప్పుకోకపోతే పోయింది. ఆ సంగతి కాగితం మీద ఉంది.

"ఇక్కడ సంతకం పెట్టు మామ్మా" అంది మౌనిక. "తూకం వేసినప్పుడు ఎదుట ఉన్నవాళ్ళది."

"నాను సూడలేదు."

"గదిలో తూచాం. అమ్మ ఉంది."

"అయితే మీయమ్మని ఎట్టమను."

"అవి అమ్మ నగలే కదా, ఆవిడ పెట్టకూడదు. పెట్టు మామ్మా, రేపు పొద్దున్న బస్సు."

"సూడకుండా ఎలగ ఎడతాను? మల్లీ తూయ్."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "పదకొండూనా?" అంది.

"పదకొండూను."

వంటింట్లోంచి కోడలు గరిటె పట్టుకునే వచ్చింది. "రెండోసారి తియ్యాలేటి అత్తా? ఇందాకే ఆ దారం కట్టుకుని తీసాను గదా!"

"మల్లీ కట్టుకో."

కోడలు నన్ను ఏదో అంది, నాకు వినబడేటట్టే అంది. ఇక్కడ రాయను. మౌనిక చిన్న త్రాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. అది బ్యాటరీతో నడుస్తుంది, దారం లేదు. ఒక్కొక్క వస్తువూ పెట్టడం, అంకె నిలబడే దాకా ఆగడం, నేను వంగి చదవడం, కాగితంతో పోల్చడం. నాలుగో వస్తువు దగ్గర అంకె ఒక గీత తేడా వచ్చింది. ఫ్యాను గాలికి అంది మౌనిక. ఫ్యాను ఆపించాను. మళ్ళీ తూస్తే సరిపోయింది. పులుసు చల్లారింది. మా అబ్బాయి వచ్చి, మా ముగ్గురినీ చూసి, వెళ్ళి తనే వడ్డించుకుని తిన్నాడు. పదకొండోది తూచేసరికి రెండు దాటింది.

అప్పుడు పెన్ను తీసుకున్నాను. వేలిముద్ర చాలునని ఎవరైనా అంటారేమోనని ఆ పిల్ల మొహం చూశాను. అనలేదు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి చెయ్యి తీసేసింది. ఇంటిపేరుతో సహా, పొల్లక్షరం కూడా వదలకుండా, అప్పలనరసమ్మ అని రాశాను. నాకు చాలా సేపే పట్టింది. చివరి ఒత్తు పూర్తికాగానే మౌనిక కాగితం లాక్కోబోయింది. జెల్ పెన్ను సిరా ఇంకా తడిగానే ఉంది. కాగితం అంచు మీద చెయ్యి వేసి పట్టుకున్నాను.

"ఆరనీ" అన్నాను.